నీళ్ళ కింద నాయన షెడ్డు!

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు! ఇంటికొచ్చి ఐదు రోజులైంది, ఇంకా చెవుల్లో బుడబుడమని బుడగల చప్పుడే. పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోతున్నాను. నిన్న బ్యాంకులో కౌంటర్ అవతల ఒక పెద్దాయన పాస్‌బుక్కు చాపితే, అందుకోకముందే చెప్పేశాను. "సార్, నేను సముద్రం అడుగున మోటార్‌సైకిళ్ళు చూసొచ్చాను!" ఆయన రెండు క్షణాలు నా మొహం చూసి, "ఏ కంపెనీవమ్మా?" అని అడిగాడు. ఎంత సంతోషమైందో! అడగాల్సిన మొదటి ప్రశ్న అదే మరి!

బిఎస్ఏలు సార్! నార్టన్‌లు! మ్యాచ్‌లెస్‌లు!

ఒకటీ రెండూ కాదు. లారీల మీద వరసగా నిలబెట్టిన మోటార్‌సైకిళ్ళు! ఆ లారీలు ఓడ కడుపులో! ఆ ఓడ ఎర్ర సముద్రం అడుగున! 1941 అక్టోబర్ 6 రాత్రి ఎక్కడివక్కడ ఆగిపోయి, ఇవాళ్టికీ అట్లాగే, టైర్ల మీద గీతలతో సహా అట్లాగే ఉన్నాయి. వాటి హ్యాండిళ్ళ మధ్య చేపలు కాపురం పెట్టాయి. నేను చూశాను. ఈ కళ్ళతో చూశాను!

సరే, ఊపిరి పీల్చుకుని మొదటినుంచీ చెబుతాను.

నేను పుట్టింది చిత్తూరులో, ఉద్యోగం తిరుపతిలో. మాకు నీళ్ళంటే ఏముంది? స్వర్ణముఖిలో ఇసుక. వానొస్తే తలకోన. నడుముకు ఎండు సొరకాయ బుర్ర కట్టి మా నాయన దింపిన మా తాత వాళ్ళ చేని బావి. ఈత అక్కడే నేర్చుకున్నాను. సముద్రమంటే మెరీనా బీచిలో చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పాదాలు తడుపుకోవడం, సుండల్ తినడం, బస్సెక్కి వచ్చేయడం. అంతే! దానికో లోపల ఉంటుందని, ఆ లోపలికి మనలాంటి మామూలు మనుషులు పోవచ్చని నలభై ఏళ్ళు వచ్చేదాకా నాకు తట్టనే లేదు. స్కూబా అంటే నేవీవాళ్ళ పని అనుకున్నాను. వీపు మీద మోసే ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ అనుకున్నాను. కాదట! మామూలు గాలేనట! మనం ఇప్పుడు పీల్చుకుంటున్న ఈ గాలినే గట్టిగా కుక్కి నింపుతారట!

నన్ను ఇందులోకి దించింది కువైట్‌లో పనిచేసే మా చిన్నాన్న కొడుకు. మా రాయలసీమలో ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు కదా, వాడు మా ఇంటి వాటా. ఒకరోజు వీడియో కాల్ చేసి, "అక్కా, ఈజిప్టులో ఒక పడవ ఉంది. వారం రోజులు దాంట్లోనే తిండీ, నిద్రా. యుద్ధంలో మునిగిన ఓడలు చూపిస్తారు. నువ్వొస్తావా లేదా?" అన్నాడు.

"మునిగిన ఓడను చూడాలంటే మనమూ మునగాలి కదరా?"

"అదే కదక్కా విషయం!"

రెండేళ్ళు కట్టిన చీటీ డబ్బులు అప్పుడే చేతికొచ్చి ఉన్నాయి. ఇంకేం కావాలి!

ముందు పుదుచ్చేరిలో నేర్చుకున్నాను. తిరుపతిలో రాత్రి బస్సెక్కితే పొద్దునకల్లా అక్కడుంటాం, ఇంత దగ్గరలో ఇంత విద్య ఉందని ఎవరూ చెప్పలేదే! మొదటి కోర్సు పూర్తయితే 18 మీటర్ల లోతుకు పోవచ్చు, దాని పైది చేస్తే 30 మీటర్లకు. ఈత కొలనులో మోకాళ్ళ మీద కూర్చుని, నోట్లో రెగ్యులేటర్ పెట్టుకుని, నీళ్ళ కింద తీసుకున్న ఆ మొదటి ఊపిరి! ఒళ్ళు వద్దంటుంది, ముక్కు వెతుక్కుంటుంది, గుండె దడదడలాడుతుంది, అంతలో సుయ్యిమని చల్లటి గాలి నోట్లోకి వచ్చేస్తుంది! నీళ్ళలో ఉన్నాను, ఊపిరి ఆడుతోంది! మాస్కు లోపల కళ్ళనీళ్ళు తిరిగాయి.

ఎన్ని కొత్త సంగతులో! నీళ్ళ కింద బొటనవేలు పైకి చూపిస్తే 'బాగుంది' అని కాదు, 'పైకి పోదాం' అని. నేను సంతోషం పట్టలేక బొటనవేలు ఎత్తితే మా మాస్టారు నన్ను నిజంగానే పైకి తీసుకొచ్చేశాడు! పది మీటర్లు దిగినప్పుడల్లా మన మీద ఇంకొక వాతావరణం బరువు పడుతుంది. అంటే 30 మీటర్ల దగ్గర ఒంటి మీద ఒత్తిడి నాలుగింతలు, సిలిండర్‌లో గాలి అయిపోయేదీ నాలుగింతల వేగంతో. ఇక పైకి రావడమంటే మెల్లగా, ఓపికగా, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగి మరీ రావాలి. ఎందుకంటే ఒత్తిడికి నైట్రోజన్ మన రక్తంలో కరిగి ఉంటుంది. గోలీసోడా తెలుసు కదా! గోలీ నొక్కగానే బుస్సుమని నురగ పొంగుతుందే, గబగబా పైకొచ్చేస్తే మన ఒంట్లో అదే జరుగుతుంది. మెల్లగా వస్తే ఆ ప్రమాదం చాలా తగ్గుతుంది. ఆ ఒక్క మాటతో నాకు ఫిజిక్స్ పాఠం మొత్తం అర్థమైపోయింది!

ఇక ఆ పడవ! 'లివ్‌అబోర్డ్' అంటారు. పడవే ఇల్లు, పడవే వంటిల్లు, పడవే బడి. ఎర్ర సముద్రం ఒడ్డున హుర్ఘాడా అనే ఊళ్ళో ఎక్కాం. ఇరవై మందిమి. కింద పడక గదులు, మధ్యలో భోజనాల బల్ల, వెనక డెక్కు మీద వరసగా సిలిండర్లు, ఒక్కొక్కరికీ ఒక్కో బుట్ట. గంట కొడితే లేవాలి, ఓడ బొమ్మ గీసిన బోర్డు ముందు కూర్చుని గైడు చెప్పేది వినాలి, దూకాలి, పైకొచ్చి తినాలి, పడుకోవాలి, మళ్ళీ గంట! రోజుకు మూడుసార్లు, ఒక్కోరోజు నాలుగుసార్లు! పొద్దున టిఫిన్‌కు 'తామియా' అని పెట్టారు, కొరికితే అచ్చం మన మసాలా వడ! నేను తీసుకుపోయిన మామిడి తాండ్ర, ఊరుబిండి రెండో రోజుకే ఖాళీ. ఒక ఇటలీ పెద్దావిడ ఊరుబిండి ముద్దను రొట్టె మీద పూసుకుని కళ్ళు మూసుకుని తింటుంటే చూడాలి!

పడవలో ఉండటం ఎందుకు గొప్పో మూడోనాటి తెల్లవారుజామున తెలిసింది. రాత్రంతా మేము ఆ మునిగిన ఓడ మీదే, సరిగ్గా దాని నెత్తి మీదే పడుకున్నాం! ఒడ్డునుంచి వచ్చే పడవలు చేరేసరికి ఎండెక్కుతుంది. మేమైతే సూర్యుడితోపాటే నీళ్ళలో ఉన్నాం.

థిసిల్‌గార్మ్! ఓడ పేరది. స్కాట్లాండ్ వాళ్ళ ముళ్ళపువ్వు పేరు, 'గార్మ్' అంటే వాళ్ళ పాత భాషలో నీలం. నీలి ముళ్ళపువ్వు! 1940 ఏప్రిల్‌లో ఇంగ్లండులోని సండర్‌లాండ్‌లో నీళ్ళలోకి దించారు. పొడవు 126 మీటర్లకు పైనే. మన రైలు పెట్టెలు ఐదు కలిపి నిలబెట్టినా ఇంకా మిగిలేంత! ఉన్నది సూయజ్ సింధుశాఖ ముఖద్వారంలో, షాబ్ అలీ అనే పగడపు దిబ్బ పక్కన, దాదాపు 30 మీటర్ల లోతులో.

దూకాను. చల్లగా, ఉప్పగా, అబ్బా, ఎంత ఉప్పో! మన బంగాళాఖాతం కంటే ఎర్ర సముద్రంలో ఉప్పదనం ఎక్కువ, నీళ్ళు మనల్ని పైకి తోసేస్తుంటాయి. నడుముకు ఇంకో రెండు సీసం దిమ్మలు కట్టుకుంటే గానీ మునగలేదు. తాడు పట్టుకుని దిగుతున్నాం. ప్రవాహం ఎంత గట్టిగా ఉందంటే, తాడుకు జెండా గుడ్డల్లాగా రెపరెపలాడాం అందరమూ! కింద ఏమీ లేదు, నీలం. ఐదు మీటర్లు, నీలం. పది మీటర్లు, ఇంకా చిక్కటి నీలం. పన్నెండు...

నీలంలోంచి ఒక గోడ లేచింది.

గోడ కాదు, ఓడ! నిటారుగా, గంభీరంగా, నిలబడినట్టే కూర్చుని ఉంది! రెయిలింగులు ఉన్నాయి, లంగరు లాగే పెద్ద యంత్రం ఉంది, దాని గొలుసు ఉంది. ప్రతి అంగుళం మీదా మెత్తటి పగడాలు, ఊదా, గులాబీ, పసుపు. నోట్లో రెగ్యులేటర్ ఉండగానే 'గోవిందా!' అన్నాను. బయటికి గుడగుడమని బుడగలే వచ్చాయి.

ఇక్కడొక చిన్న సంగతి చెప్పాలి. బయలుదేరే ముందు మా అమ్మ నా చేతికి తిరుచానూరు అమ్మవారి దగ్గర తెచ్చిన ఎర్ర దారం కట్టింది. 20 మీటర్ల దగ్గర చేయి చూసుకుంటే అది ఎర్రగా లేదు! బూడిద కలిసిన నలుపు. రంగు వదిలేసిందా, తడికి పాడైందా అని గుండె గుభేలుమంది. మా గైడు టార్చి వేశాడు. భగ్గుమంది! మందార పువ్వులాగా, కుంకుమలాగా, అప్పుడే అద్దినట్టు ఎరుపు! నీళ్ళు వెలుతురులోని ఎరుపును అన్నిటికంటే ముందు మింగేస్తాయట, ఆ తర్వాత నారింజ, ఆ తర్వాత పసుపు. లోతుకు నీలం ఒక్కటే చేరుతుంది. మన చేతి దారం అక్కడే ఉంది, దాని ఎరుపును చూపించే వెలుతురే అంతదూరం రాలేదు! ఆ తర్వాత ఊరుకుంటానా? ఓడ పొడుగునా కనబడినదాని మీదల్లా టార్చి వేస్తూనే పోయాను. నల్లటి గోడ ఎర్రగా! బూడిదరంగు చేప నారింజగా!

అయితే ఆ ఓడ అక్కడికెందుకొచ్చింది? ముందురోజు రాత్రి గైడు చెప్పినప్పటినుంచీ నాకు నిద్రలేదు. 1941 జూన్‌లో గ్లాస్గోలో బయలుదేరింది. పోవాల్సింది ఈజిప్టులోని అలెగ్జాండ్రియాకు, అక్కడ ఉత్తర ఆఫ్రికా ఎడారిలో జర్మన్, ఇటలీ సైన్యాలతో పోరాడుతున్న బ్రిటిష్ సైన్యానికి సామాన్లు అందించాలి. నేరుగా మధ్యధరా సముద్రంలో పోతే పది రోజుల దారి కాబోలు, కానీ అక్కడ శత్రువు కాచుకుని ఉన్నాడు. అందుకని ఆఫ్రికా ఖండం మొత్తం చుట్టి, కేప్‌టౌన్ మీదుగా ఎర్ర సముద్రంలోకి వచ్చింది! అంత దూరం వచ్చాక, సూయజ్ దారికి అడ్డంకి వచ్చిందని షాబ్ అలీ దగ్గర లంగరు వేసుకుని వంతు కోసం కాచుకుంది. రెండు వారాలు! అక్టోబర్ 6 తెల్లవారక ముందు, క్రీట్ దీవి వైపునుంచి వచ్చిన రెండు జర్మన్ హైంకెల్ విమానాలకు వెన్నెల్లో ఇది కనబడింది. వాళ్ళు వెతుకుతున్నది సైనికుల్ని మోసుకొస్తున్న ఒక పెద్ద ఓడనట. అది దొరక్క దీని మీద బాంబులు వదిలారు. అవి వెనక వైపు నాలుగో సరుకు గది మీద పడ్డాయి. ఆ గదిలో ఉన్నది మందుగుండు!

ఆ పేలుడుకు డెక్కు మీద కట్టిన రెండు రైలింజన్లు ఎగిరి సముద్రంలో పడ్డాయి. రైలింజన్లు! బొగ్గుతో నడిచే స్టీము ఇంజన్లు! ఈజిప్టు రైళ్ళకోసం పంపినవి. పాకాల జంక్షన్‌లో బొగ్గు నుసి కళ్ళలో పడిన కథలు మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో! అట్లాంటి ఇంజన్లు సముద్రంలో ఇసుక మీద! నాకు అనుమతి ఉన్న లోతు దాటి ఉంటాయి కాబట్టి నేను పైనుంచే, నీలం మసకలో ఒక నల్లటి ఆకారాన్ని చూసి సరిపెట్టుకున్నాను. చాలదూ!

ఆ రాత్రి తొమ్మిది మంది చనిపోయారు. నలుగురు ఓడ మనుషులు, ఐదుగురు ఫిరంగుల దగ్గరివాళ్ళు. ఆంగస్ మెక్‌లే అనే నావికుడు అందరితోపాటు దిగిపోబోయి, మంటల అవతల ఒకడు గాయపడి పడి ఉండటం చూశాడు. కాలుతున్న ఇనప డెక్కు మీద వట్టి కాళ్ళతో పరిగెత్తి అతన్ని మోసుకొచ్చాడు! తర్వాత అతనికి జార్జి మెడల్ ఇచ్చారు. ఓడ వెనక భాగం ఇప్పటికీ విడిగా, ఒక పక్కకు ఒరిగి పడి ఉంది, దాని మీద ఫిరంగి నీటి శూన్యంలోకి గురిపెట్టి ఉంది. అక్కడ మేమందరం ఒక్క నిమిషం కదలకుండా ఉన్నాం. నేను రెండు చేతులూ జోడించి దండం పెట్టుకున్నాను. పక్కన ఎవరో జర్మనీ అబ్బాయి నన్ను చూసి తనూ చేతులు జోడించాడు.

ఇప్పుడు అసలు సంగతి. రెండో సరుకు గది!

పైకప్పు తెరిచి ఉంటుంది, నీలి వెలుతురు చారలు చారలుగా లోపలికి దిగుతుంది. గైడు ముందు, నేను మధ్య, తమ్ముడు వెనక. కాళ్ళు గట్టిగా ఆడించకూడదు, ఎనభై ఏళ్ళ బురద లేచిందంటే ఏమీ కనబడదు. మెల్లగా, గుడి గర్భాలయంలోకి పోయినట్టు పోయాం. టార్చి తిప్పాను.

లారీ ముక్కు! బెడ్‌ఫర్డ్ లారీ! స్టీరింగు! దాని వెనక ఇంకొకటి! ఆ లారీ తొట్టిలో...

మా నాయన చిత్తూరులో మోటార్‌సైకిల్ మెకానిక్. ముప్పై ఐదేళ్ళు ఆ షెడ్డే మా ఇల్లు. బడి వదలగానే నేను అక్కడే, కిరోసిన్ గిన్నెలో బోల్టులు కడుగుతూ. నాయన కుర్రాడిగా పని నేర్చుకుంటున్న రోజుల్లో మిలిటరీ డిస్పోజల్లో అమ్మిన పాత బిఎస్ఏలు, నార్టన్‌లు ఇంకా రోడ్ల మీద తిరిగేవి. ఒక బిఎస్ఏ చివరి రోజుల్లో మా షెడ్డు మూలకొచ్చి పడింది. దాని ముందు ఫోర్కు ఇప్పటి బండ్లకు ఉన్నట్టు గొట్టాలు కాదు. బద్దలు కలిపి కట్టిన నిచ్చెనలాగా, మధ్యలో ఒక పెద్ద స్ప్రింగు. గర్డర్ ఫోర్కు అంటారు. ఆ స్ప్రింగు పట్టుకుని నేను ఊగేదాన్ని.

ఆ స్ప్రింగు! ఆ లారీ తొట్టిలో, నా మొహానికి రెండడుగుల దూరంలో, అదే స్ప్రింగు!

ఆగిపోయాను. ఊపిరి తీయడం మరిచిపోకూడదని నేర్పారు గనుక తీశాను. పెట్రోలు ట్యాంకు, దాని మీద పగడపు పొర. కిక్కరు. సీటు తోలు ఎప్పుడో పోయింది, కింది ఇనుము ఉంది. చక్రానికి టైరు ఉంది, టైరుకు పట్టు ఉంది! ముందు చక్రం చువ్వల మధ్య వెయ్యి గాజు చేపలు, ఒళ్ళు అద్దంలాగా ఉండే పిల్లచేపలు, నేను చేయి కదిపితే తెరలాగా విడిపోయి మళ్ళీ మూసుకుంటున్నాయి. ఒక్కసారి కూడా రోడ్డెక్కని బండి! కొత్త బండి! ఎవరూ కిక్కు కొట్టని బండి! మా నాయన పుట్టకముందు నుంచీ అది అట్లాగే, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టే నిలబడి ఉంది!

ముట్టుకోలేదు. ముట్టుకోకూడదు. కానీ చేయి వణికింది.

ఇంకో సంగతి విని పైకొచ్చాక గంతులేశాను. నార్టన్ కంపెనీని 2020లో మన టీవీఎస్ వాళ్ళు కొనేశారట! బిఎస్ఏ పేరు 2016లోనే మహీంద్రా గ్రూపులోని క్లాసిక్ లెజెండ్స్ చేతికొచ్చిందట! అంటే ఎర్ర సముద్రం అడుగున పడి ఉన్న ఆ బండ్ల ఇంటిపేర్లు ఇవాళ మన దేశంలో ఉన్నాయి!

మొదటి సరుకు గదిలో రబ్బరు బూట్లు. కుప్పలు కుప్పలుగా! కొన్ని జతలుగా, కొన్ని ఒంటరిగా, కొన్నిట్లోంచి చిన్న చేపలు తొంగిచూస్తూ! ఆ బూట్లు ఎవరి కాళ్ళకు చేరాల్సినవి? ఆ ఎడారి యుద్ధంలో మన 4వ ఇండియన్ డివిజన్ ఉంది. దాని వెంట వంతెనలు కట్టే, మందుపాతరలు తీసే మద్రాస్ సాపర్స్ ఉన్నారు. మద్రాస్ సాపర్స్ అంటే తమిళులతోపాటు మన తెలుగువాళ్ళే కదా! చిత్తూరు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనిదే. మా జిల్లా కుర్రాడెవడైనా అక్కడ ఇసుకలో నిలబడి ఈ ఓడలోని సామాను కోసం ఎదురుచూశాడేమో! ఏ పుస్తకంలోనూ దొరకని ఆలోచన, ఆ బూట్ల ముందు తేలుతూ ఉండగా వచ్చింది.

చేపల గురించి చెప్పనే లేదు! పళ్ళెమంత వెడల్పు బ్యాట్‌ఫిష్‌లు గుంపుగా, ఊరేగింపులో గొడుగుల్లాగా కదిలిపోతాయి. రెక్కలు విప్పిన లయన్‌ఫిష్ నెమలిలాగా, ముట్టుకుంటే విషం. ఇనుము మీద ఇనుములాగే పడుకున్న మొసలి చేప, గైడు చూపించినా నాకు అరనిమిషం కనబడలేదు! యుద్ధానికని కట్టిన సామాను మొత్తం చేపలకు ఇల్లైపోయింది.

ఈ ఊపిరి యంత్రం సంగతి వింటే మీరూ ఎగిరి గంతేస్తారు. జాక్ కుస్తో, ఎమిల్ గన్యాన్ అనే ఇద్దరు ఫ్రాన్సులో దీన్ని తయారు చేసింది 1943లో. అంటే ఓడ మునిగిన రెండేళ్ళకు! ఆ రాత్రి దాన్ని చూడటానికి కిందికి దిగే సాధనమే ఇట్లాంటిది లేదు. ఆ కుస్తోయే 1950లలో తన కలిప్సో పడవలో వచ్చి ఈ ఓడను కనుక్కున్నాడు. 1956లో వచ్చిన ఆయన సినిమా 'ది సైలెంట్ వరల్డ్'లో ఈ ఓడ ఉంది, కాన్ సినిమా పండగలో పెద్ద బహుమతి ఆ సినిమాకే! ఆ తర్వాత ఓడ ఎక్కడుందో జనం మరిచిపోయి, మళ్ళీ 1990ల మొదట్లో దొరికింది.

కోపం వచ్చిన సంగతీ ఉంది. కొన్ని బండ్లకు హ్యాండిళ్ళు లేవు, లైట్లు లేవు. నీళ్ళు తినేసినవి కావు, మనుషులు జ్ఞాపకం కోసమని పీక్కుపోయినవి! పైగా నేను చూసిన పడవలు తాళ్ళను ఓడకే కట్టేశాయి, గాలి వీచినప్పుడల్లా ఆ బరువుకు ఇనుము చీలుతుంది. ఎనభై ఏళ్ళు సముద్రం కాపాడినదాన్ని మనం ఇట్లా లాగడమేంటి!

మిగతా వారం కూడా ఇట్లాగే గడిచింది, ఎన్నని చెప్పను! అక్టోబర్ 8న, అంటే రెండు రోజులకే, అవే జర్మన్ విమానాల దళం ముంచిన ఇంకో ఓడ ఉంది, రోజలీ మొల్లర్. నిండా వేల్స్ బొగ్గు. కానీ అది 35 నుంచి 50 మీటర్ల లోతులో ఉంటుంది, నాకు అర్హత లేదు. తమ్ముడు దిగి వచ్చాడు. ఎప్పుడూ వాగుతుండేవాడు, గంటసేపు మాట్లాడలేదు. "చీకట్లో ఒంటరిగా నిలబడి ఉందక్కా" అన్నాడు చివరికి.

అబూ నుహాస్ దిబ్బ దగ్గర చూసినది యుద్ధపు ఓడ కాదు, కానీ దాని పేరు విని అరిచేశాను. కర్ణాటిక్! మా ఆర్కాటు, మా చిత్తూరు, నవాబుల నాటి మా సీమ పేరు! సూయజ్‌నుంచి బొంబాయికి బయలుదేరి 1869 సెప్టెంబర్‌లో దిబ్బకు కొట్టుకుంది, సూయజ్ కాలువ తెరవడానికి రెండు నెలల ముందు. దాని చెక్కలు పోయి ఇనప పక్కటెముకలు మిగిలాయి, వాటి మధ్యనుంచి ఎండ వెయ్యి స్తంభాల మండపంలో పడ్డట్టు పడుతోంది. మా ఊరి పేరు పెట్టుకుని ఎర్ర సముద్రంలో పడుకుని ఉంది ఆ తల్లి!

ఇక ఇంటికొచ్చినప్పటినుంచీ మన సముద్రం గురించే చదువుతున్నాను. ఎంత ఉందో! 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ ఓడ ఎమ్డెన్. తమిళంలో గడుసువాణ్ణి 'ఎమ్డన్' అంటారే, ఆ మాట ఈ ఓడదేనట! మా చిత్తూరు సందుల్లో చిన్నప్పటినుంచీ వింటున్న తిట్టు! 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదేరోజు వాళ్ళ యుద్ధ ఓడలు మన బంగాళాఖాతంలో సరుకు ఓడల్ని వరసగా ముంచాయి. విశాఖ రేవు ముందరే 1971 డిసెంబర్‌లో మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ ఉంది. అదీ రెండో ప్రపంచ యుద్ధకాలపు అమెరికా ఓడే, 1944లో డయాబ్లో అనే పేరుతో పుట్టింది! అది ఎంతోమందికి సమాధి, అక్కడికి మనలాంటివాళ్ళం దిగేది కాదు. కానీ విశాఖ బీచ్‌రోడ్డులో కుర్సురా జలాంతర్గామి లోపలికి నేను కాలేజీ టూరులో పోయాను, బయట ఐస్‌క్రీము తిన్నది తప్ప ఏమీ గుర్తులేదు. మళ్ళీ పోవాలి! ఈసారి ప్రతి చక్రం, ప్రతి మీట చూడాలి!

మీరూ చూడండి! దయచేసి చూడండి! ఈత భయమా? చేని బావిలో నేర్చుకున్న ఈత నాకు సరిపోయింది. ఊపిరితిత్తులు, గుండె, చెవులు బాగున్నాయో లేదో డాక్టరుకు చూపించుకోండి. ముందు పుదుచ్చేరికి పోండి, కొలనులో ఆ మొదటి ఊపిరి తీయండి, తర్వాత మీరే ఆగరు. తిరుగు విమానానికి మాత్రం కనీసం ఒక రోజు ఎడం పెట్టుకోండి, ఒంట్లో నైట్రోజన్ దిగాలి. నీళ్ళలోకి దిగలేనివాళ్ళా? మీకూ దారి ఉంది! 2017లో ఈజిప్టు, బ్రిటన్ విశ్వవిద్యాలయాలవాళ్ళు కలిసి థిసిల్‌గార్మ్‌ను వేల ఫోటోలు తీసి, అతికించి, మొత్తం ఓడను కంప్యూటర్‌లో తిప్పి చూసేట్టు చేసి పెట్టారు. ఇంటర్నెట్‌లో ఊరికే చూడొచ్చు. మా ఇంట్లో అందరికీ చూపించాను. పక్కింటివాళ్ళకు చూపించాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ రెండుసార్లు చూశాడు!

మా నాయనకు మాత్రం తమ్ముడు తీసిన వీడియోనే పెట్టాను. ఆదివారం చిత్తూరు పోయి, షెడ్డు ముందు అరుగు మీద పక్కన కూర్చుని. డెబ్బై దాటింది, చూపు తగ్గింది, ఫోను కళ్ళకు అంటించుకున్నాడు. ఓడ వచ్చింది, ఏమీ అనలేదు. చేపలు వచ్చాయి, ఏమీ అనలేదు. రెండో సరుకు గది వచ్చింది.

"ఆపు."

ఆపాను. వేలితో తెర మీద ఆ స్ప్రింగును తడిమాడు.

"బిఎస్ఏ ఎమ్-ట్వంటీ" అన్నాడు. "క్లచ్ లివర్ ఎవడో పీకేసినాడు చూడు."

"అవును నాయనా."

చాలాసేపు చూశాడు. ముందుకు జరపమన్నాడు, వెనక్కు జరపమన్నాడు. చివరికి ఫోను నాకిచ్చి, "పాపా, వాటిని తాళ్ళతో కట్టినారా, స్టాండు ఏసి నిలబెట్టినారా?" అని అడిగాడు.

అది నేను చూడనే లేదు! అంతదూరం పోయి, అంత దగ్గరగా నిలబడి, కింద చూడనే లేదు!

"మళ్ళీ పోయి చూసొస్తా నాయనా" అన్నాను. రాత్రే తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను, ఈ నెలనుంచే ఇంకో చీటీ కడుతున్నానని.